ఎమర్సను మహాశయుడు ఆచార్యపదమును విడిచిన వృత్తాంతము

మతాచార్యుడొకడు తన పదమును విడిచెనని వినినతోడనే లోకులు రెండు కారణములలో నేదో యొకటి యుండునని తలంతురు. అతనికి దైవమునందు విశ్వాసము చెడియుండవలెను. లేక నడవడి చెడియుండవలెను. ఈ రెండును గాక వేరొక కారణము కలదు. అది యాచార్యునకును సంఘమునకును నడుమ బుట్టు వివాదము. అట్టి వివాదములలో జీతమును గూర్చినవియు, అధికారమును గూర్చినవియు, సంఘపు పెద్దల పట్టుదలలను గూర్చినవియు తరచుగా గానవచ్చును. వానిని వినుటకు మనకంత వేడుక యుండదు. కాని యిరుపక్షములవారును సజ్జనులై, ఒకరియెడ నొకరు ప్రేమగలవారై, తగవులాడుటకు సుతరాము నిష్టము లేనివారై యుండియు, ఒక్క ధర్మసందేహముచే విడిపోవలసివచ్చిన సందర్భము లరుదు. అమెరికాఖండమున బోస్టను నగరమునందు 1832వ సంవత్సరమున జరిగిన యట్టి వృత్తాంతము నొకదాని నిచట వ్రాయుచున్నాము.

రాల్ఫ్ వాల్డో ఎమర్సను గారి వ్యాసములను మన దేశమున నాంగ్లవిద్య నభ్యసించినవారు చాలమంది చదివియుందురు. ఆయనను తత్త్వవేత్తయనియు కవియనియు నెరిగినవారిలో పెక్కండ్రు, ఆయన మొదట జీతముగొని సంఘమునకు బోధచేసిన పాదరి యనియు, ఇరువదితొమ్మిదవ యేట నా పదమును దనంతట దాను విడిచిపెట్టెననియు నెరుగరు. ఆయన తరువాత వ్రాసినదానిలో ముఖ్యమైనదంతయు నా విడిచిపెట్టుటనుండియే పుట్టినదని మా యభిప్రాయము.

ఎమర్సను 1803వ సంవత్సరము మే నెల 25వ తేదీని బోస్టనులో జన్మించెను. ఆ వంశమున బోధకవృత్తి తరతరములుగా వచ్చుచుండెను. పూర్వులలో నొకడగు పీటరు బల్క్‌లీ యను పాదరి 1635లో కాంకార్డు గ్రామమును స్థాపించినవారిలో ముఖ్యుడు. పితామహుడు నా కాంకార్డునందే బోధకుడై, స్వాతంత్ర్యయుద్ధమున సైన్యమునకు మతబోధ చేయుటకై పోయి 1776లో మరణించెను. తండ్రి విలియము ఎమర్సను బోస్టనులోని మొదటి సంఘమునకు నాచార్యుడు. మన వైదికకుటుంబములయందు కుమారుడు వేదము చెప్పుకొనుట యెంత సహజమో, ఆ యింట బిడ్డలు వేదిక నెక్కుట యంత సహజముగా నుండెను. 1811లో తండ్రి గతించునప్పటికి బాలునకు ఎనిమిదేండ్లు నిండలేదు. తల్లి రూతు తన యింట నితరులకు భోజనవసతుల నేర్పరచి, అందువలన వచ్చిన సొమ్ముతో బిడ్డలను బెంచెను. మేనత్తయగు మేరీ మూడీ ఎమర్సను గొప్ప చదువరి, మాట కఠినము, భక్తి తీవ్రము. మేనల్లుండ్రు వంశమర్యాదను నిలుపవలెననుట యామె జీవితమునకు బరమార్థముగా నుండెను. హిందూమతగ్రంథములయందు ఎమర్సనునకు గుతూహలము గలుగుటకు 1822 ప్రాంతమున నామె వ్రాసిన జాబులు నొక కారణమే.

కుటుంబమునందు మొదట నీ సంకటమున బడినవాడు ఎమర్సను గాడు, ఆయన యన్న విలియము. అతడు 1824లో జర్మనీదేశమునకు బోయి, గాటింజెను విద్యాపీఠమున మతశాస్త్రమును జదువసాగెను. అచటి పండితులు బైబిలు గ్రంథమును తక్కిన ప్రాచీనగ్రంథములను బరీక్షించినట్లే పరీక్షించుచుండిరి. ఆ చదువుతో నతని పూర్వవిశ్వాసములు కదలిపోయెను. ఏమిచేయుటకు దోచక, వైమారు నగరమునకు బోయి మహాకవియగు గేటే దర్శనము చేసి తన మనోవ్యథను విన్నవించుకొనెను. సందేహములను మనసులోనే యుంచుకొని, కుటుంబమువారి కోరికప్రకారము బోధకవృత్తిలో బ్రవేశించుట మేలని యా వృద్ధకవి యుపదేశించెను. విలియము కొంతకాల మా మాటకు లోబడెను. కాని తిరుగుప్రయాణమున సముద్రముపై బెద్ద గాలివాన పట్టుకొనగా, మరణము కన్నులయెదుట గానబడిన యా గడియలో, అట్టి నటనతో బ్రతుకజాలనని యతడు నిశ్చయించుకొనెనని వారి కుటుంబమున జెప్పుకొనుచుండిరి. ఇంటికి వచ్చి తల్లికి దుఃఖము గలిగించి, న్యాయవాదవృత్తి నవలంబించెను. తమ్ముడగు ఎమర్సను ఇదంతయు దగ్గర నుండి చూచినవాడే. చూచియు, అన్న విడిచిన స్థానమును దాను పూరింపబూనెను.

హార్వర్డు కళాశాలలో 1821లో బట్టము పొందినపిదప గొన్నియేండ్లు బడిపంతులుగా బనిచేసి, 1825లో నచటి మతశాస్త్రపాఠశాలయందు జేరెను. కంటిజబ్బుచే చదువు సరిగా సాగలేదు. 1826 అక్టోబరులో బోధచేయుట కనుమతి లభించినతోడనే ఊపిరితిత్తుల వ్యాధి యంకురించుటచే, ఆ చలికాలమంతయు దక్షిణదేశములగు చార్లెస్టను, సెయింటు అగస్టీను పట్టణములలో గడుపవలసివచ్చెను. ఆరోగ్యము కుదిరి స్వస్థలమునకు మరలినపిమ్మట 1829వ సంవత్సరము మార్చి 11వ తేదీని బోస్టనులోని రెండవ సంఘమున హెన్రీ వేరు గారికి సహాయాచార్యుడుగా నియమింపబడెను. వేరు గారు జబ్బుపడియుండి, త్వరలోనే హార్వర్డులో నాచార్యకత్వమునకు బోవుటచే, కొలదినెలలలో సంఘభారమంతయు నీ యువకునిపై బడెను. సంవత్సరమునకు 1200 డాలర్లుగా నున్న జీతము 1800 డాలర్లాయెను. ఆ సెప్టెంబరు 30వ తేదీని ఎలెన్ టక్కరు అను పదునెనిమిదేండ్ల కన్యను వివాహమాడెను. పూర్వము మాదరు వంశపు మహాపండితు లధిష్ఠించిన వేదిక, తగిన జీతము, ప్రియురాలగు భార్య, పురప్రముఖుల యాదరము: ఇరువదియారేండ్ల వానికి లోకమున నింతకంటె గావలసిన దేమున్నది?

ఈ రెండవ సంఘము యూనిటేరియనులనబడు నేకేశ్వరవాదక్రైస్తవులది. త్రిమూర్తిత్వమును నిరాకరించి, పరమేశ్వరు డొక్కడేయనియు, యేసు మహాగురువేగాని దేవుడు గాడనియు నమ్మువారు వీరు. మన రామమోహనరాయల వారు 1820లో యేసు నీతిబోధలను మాత్రమే యేర్చి ప్రకటించి శ్రీరామపురపు పాదరులతో వాదములో దిగినప్పుడు, ఆయన పక్షమున నిలిచినవా రీ మతమువారే. కాబట్టి ఎమర్సను మూఢాచారములలో జిక్కి యుద్ధము చేసి బయటపడినవాడని చదువరులు తలంపరాదు. ఆనాటి క్రైస్తవలోకమునందెల్ల స్వతంత్రమైనదని పేరుగాంచిన సంఘములోనే యీ వివాదము పుట్టినది.

ఆయన యుపన్యాసములను జనులు శ్రద్ధతో వినుచుండిరి. ఆ కాలమున వ్రాసియుంచిన ధర్మోపన్యాసములు నూట డెబ్బదికి పైగా నున్నవి. బానిసత్వనిషేధమును బోధించువారికి నగరములోని పెక్కు వేదికలు మూయబడియున్న 1831వ సంవత్సరమున ఎమర్సను తన వేదికను వారికిచ్చెను. కాని యాచార్యునిపని వేదికతో ముగియదుగదా. ఇంటింటికి బోయి రోగుల నోదార్చుట, మరణించువారియొద్ద గూర్చుండి ప్రార్థించుట, నియమితసమయమున నందరితరఫున బిగ్గరగా బ్రార్థనచేయుట, ఇవన్నియు నాయనకు గష్టముగా దోచుచుండెను. స్వాతంత్ర్యయుద్ధమున బనిచేసిన వృద్ధసైనికు డొకడు మరణశయ్యపై నుండగా ఎమర్సను చూడబోయి, ఏమి పలుకుటకును దోచక, ప్రక్కనున్న మందుసీసాలను జూచి వానినిగూర్చి యేదో ముచ్చటింపసాగెననియు, ఆ ముసలివాడు విసిగి, పని తెలియనిచో నింటికి బొమ్మని మందలించెననియు నొక కథ కలదు. ఈ కథను ఎమర్సనునకు లాఘవముగా మేము చెప్పుటలేదు. హృదయమున భావము లేనప్పుడు నోటితో భక్తివాక్యములను బలుకుట యాయనకు జేతగాదు. ఇతరులకు సులభముగా నలవడు నా విద్య యాయనకు దుదివరకును నలవడలేదు.

1831 ఫిబ్రవరి 8వ తేదీని ఎలెన్ క్షయరోగముచే మరణించెను. ఆమె కప్పటికి పందొమ్మిదేండ్లు. భర్త దినదినము నగరమునకు వెలుపలనున్న యామె సమాధికడకు నడచిపోవుచుండెను. సంవత్సరము దాటినపిమ్మట నొకనాడు శవపేటికను దెరచి చూచెనని తన దినచర్యపుస్తకమున నొక్కముక్కగా వ్రాసికొనియున్నాడు. ఏమి చూచెనో, ఏమి తలంచెనో వ్రాయలేదు. అటుపిమ్మట నాయనలో నేదో మార్పు వచ్చినది. గతించినవారి జ్ఞాపకచిహ్నములను బట్టుకొని ప్రాకులాడుటయందు విముఖత్వము గలిగెను. దైవమును వెదకవలసినచోటు గడచిన చరిత్రలో గాదు, ఇప్పటి తన యాత్మలోననుట దృఢపడెను. మూడు మాసములు గాకమునుపే సంఘముతో వివాదము పైకివచ్చెను.

వివాదము ప్రభుభోజనసంస్కారమును గూర్చినది. యేసు పట్టుబడుటకు ముందటి రాత్రి శిష్యులతో గలిసి భుజించుచు, రొట్టెను విరిచియిచ్చి, ద్రాక్షారసపాత్రను జేతికందిచ్చిన సంగతిని స్మరించి, క్రైస్తవులు నియమితదినములందు దేవాలయమున రొట్టెను ద్రాక్షారసమును బుచ్చుకొందురు. దానిని బంచియిచ్చుట యాచార్యుని విధి. 1832 జూనులో ఎమర్సను సంఘమువారికి నొక లేఖ వ్రాసి, యీ స్మరణసభను నిలుపుకొని, రొట్టెను ద్రాక్షారసమును మాత్రము విడిచిపెట్టుదమని కోరెను. సంఘమువారు ఉపసంఘమును నియమించిరి. ఉపసంఘమువారు తమ యాచార్యునియందలి గౌరవమును బ్రేమను స్పష్టముగా దెలిపి, ఆచారమును మార్చుటకు మాత్ర మంగీకరింపలేదు.

ఇచట సంఘముపక్షమున గూడ నొకమాట చెప్పవలసియున్నది. సంస్కారాభిమానులమగు మనము సాధారణముగా నాచారమును విడువనివారిని మూర్ఖులందుము. ఆ పీఠములలో గూర్చుండువారిలో ముప్పదియేండ్లుగా, నలువదియేండ్లుగా నా రొట్టెముక్కను జేతబట్టుకొని, గతించిన తలిదండ్రులను దలంచి, తమ తప్పులకు గంటనీరు పెట్టుకొనిన వృద్ధు లుండక మానరు. వారికది దేవుడు గాదు. దేవునియెదుట గూర్చుండుటకు నలవడిన యొక యాసనము. నిన్నమొన్న వచ్చిన యువకుడు చక్కని వాదములు చెప్పెనని దానిని దీసివేయుటకు వా రంగీకరించిరా, మనము వారినెక్కుడుగా గౌరవింతుమా? మాకు సందేహముగా నున్నది.

జూలైలో దేవాలయమునకు మరమ్మతులు జరుగుచుండుటచే ఎమర్సను న్యూహాంప్షైరు పర్వతములకు బోయెను. ఆ ప్రయాణమున మేనత్తను గలిసికొనెను. వంశవృత్తిని విడుచుట యామె కెంతమాత్రమును సమ్మతము గాదు. పర్వతప్రాంతపు పూటకూళ్లయింట నొంటరిగా గూర్చుండి తన మనస్సును దానే ప్రశ్నించుకొనెను. ఇంత చిన్నవిషయమునకై పట్టుబట్టుట గర్వముగాదా? పనికివచ్చు నుపన్యాసములను జెప్పు వేదికను రొట్టెముక్కకై విడిచిపోవుట తెలివియా? ఆచారము నంత గొప్పదిగా నెంచి యెదిరించుటయు నొకవిధముగా దానిని బూజించుటయేగదా? ఈ ప్రశ్నలన్నియు నాయనయే వేసికొనెను. మిత్రులు వేయవలసిన యవసరము లేకపోయెను. ఆ దినములలో క్వేకరుమతస్థాపకుడగు జార్జి ఫాక్సు చరిత్రమును జదివెను. బాహ్యసంస్కారము లేవియు లేక, మౌనముగా గూర్చుండి యంతర్జ్యోతికై యెదురుచూచు క్వేకరులయందు మొదటినుండియు నాయనకు మక్కువ. కొండ దిగునప్పటికి నిశ్చయ మేర్పడెను. తాను హృదయపూర్వకముగా జేయలేని కార్యమును జేయడు.

సెప్టెంబరు 9వ తేదీ యాదివారమున వేదిక నెక్కి, తన యభిప్రాయమును సంఘమువారికి విన్నవించెను. రోమీయులకు వ్రాసిన పత్రికలో దైవరాజ్యము అన్నపానములలో లేదని బోధించు భాగమును మూలముగా దీసికొనెను. మొదటిభాగమంతయు శాస్త్రవిచారము. ఆ రాత్రి భోజనపంక్తిలో నున్న శిష్యులలో మత్తయియు యోహానును సువార్తలు వ్రాసిరి. మత్తయి యీ భోజనమును వర్ణించెనేగాని, దీనిని శాశ్వతముగా జరుపవలెనని వ్రాయలేదు. యోహాను ఆ రాత్రి సంభాషణములను విస్తరించి వ్రాసియు దీని నెత్తనేలేదు. మార్కునందు నట్టి యాజ్ఞ గానరాదు. స్మరణార్థము చేయవలెననుమాట లూకా యొక్కడే చెప్పినది; ఆయన యా పంక్తిలో నున్నవాడు గాడు. యూదుడగు యేసు తన శిష్యులతో గలిసి యూదుల పస్కాపండుగను జరుపుకొనుచు, తనకు సహజమైన యుపమానభాషతో నాప్తుల కొక జ్ఞాపకమును విడిచెనేగాని, రాబోవు సర్వకాలముల సర్వజాతులకు నొక సంస్కారమును విధింపలేదు. విధించెనని పట్టుబట్టువారు, అదే రాత్రి యాయన శిష్యుల పాదములను గడిగి, మీరు నట్లే చేయవలెనని చెప్పినదాని నేల మానిరి? పౌలు కొరింథీయులకు వ్రాసినదియు నా సంఘమువారు భోజనకాలమున జేయు నల్లరిని మాన్పుటకు వ్రాసినదే; పైగా నాయన ప్రభువు త్వరలో మరల వచ్చునని యెదురుచూచుచుండెను.

ఇంతవరకు బండితుడెవడైనను జెప్పగలడు. ఎమర్సను తత్త్వ మాపైని గానవచ్చును. ఈ సంస్కారము ప్రార్థనచేయువాని మనస్సును రెండుగా జీల్చును. ప్రార్థన పరమేశ్వరునికి, చేతిలోని రొట్టె యేసును జ్ఞాపకముచేయును. యేసును గురువుగా గౌరవించుటకు బదులు ఉపాస్యదైవముగా నిలుపుట కిది దారితీయును. గురువునకు నిజమైన స్మారకము, ఆయన వలె బ్రతుకుటకు బ్రయత్నించుటయే. ఇక దుదిమాట మరియు సరళము. శాస్త్రమంతయు ప్రతికూలముగా నున్నను, ఈ కర్మయందు దనకు హృదయము లేదు. ఆ యొక్కకారణమే దనకు జాలును. లోకమంతయు బ్రళయమువరకు దీనిని జరుపుకొన్నను దనకు బాధ లేదు; దానిని నిర్మూలించుటకు దాను బయలుదేరలేదు. తన చేతితో బంచియిచ్చుటకు మాత్రము దనకు సాధ్యము గాదు. ఇట్లు చెప్పి, ఈ యాచార్యపదముతో నా విధి పెనగొనియున్నందున, పదమునే విడుచుచున్నానని వేదిక దిగెను. సెప్టెంబరు 11వ తేదీని రాజీనామాపత్రమును బంపెను.

సంఘమువారు వెంటనే దాని నంగీకరింపలేదు. ఎట్లయినను నాయన నుంచుకొనవలెనని యాలోచించినవారు గలరు. తుదకు అక్టోబరు 28వ తేదీని సమ్మతులు తీసికొనగా, అభిప్రాయములు చీలియే, రాజీనామా యంగీకరింపబడెను. అట్లయ్యు మరికొంతకాలము జీత మిచ్చుచుండుటకు దీర్మానించిరి. కలహించి వెడలినవానికిచ్చు మర్యాద గాదది. ఎమర్సను ఉదరరోగపీడితుడై వీడ్కోలు ఉపన్యాసము చెప్పలేక, డిసెంబరు 22వ తేదీని వారికి బ్రేమపూర్వకమైన యొక లేఖ వ్రాసెను.

చదువరులలో గొంద రొక ప్రశ్న వేయవచ్చును. ఆ కర్మను మరియొక యాచార్యునిచేత జేయించి, తాను ప్రక్కకు దొలగి, తక్కిన బోధను సాగించినచో నేమి? ప్రపంచమున నిట్టి సర్దుబాట్లు లక్షలు జరుగుచున్నవి. జందెమునందు విశ్వాసములేక జందెమును ధరించువారిని, విగ్రహమునందు విశ్వాసములేక యింట దల్లికొరకు విగ్రహమునకు జేయి మ్రొక్కువారిని మన మెరుగుదుము, మనలోనే యున్నారు. కలకత్తా సమాజమున జందెము ధరించిన యుపాచార్యులు వేదికపై గూర్చుండవచ్చునా యను ప్రశ్నయే 1866లో సమాజమును రెండుగా జీల్చినదిగదా. దేవేంద్రనాథ మహర్షియు, కేశవచంద్రసేను గారును ఒకరినొకరు తండ్రికొడుకులవలె బ్రేమించుకొనినవారే. గృహస్థు తనకొరకు జేసికొను సర్దుబాటు వేరు. పదుగురి తరఫున దైవసన్నిధిని నిలుచువాని సర్దుబాటు వేరు. వాని నోటిమాటను నమ్మి పదుగురు కన్నులు మూసికొందురు.

అయినను ఎమర్సను విడిచిపోవుటకు నిది యొక్కటియే కారణమని మేము చెప్పజాలము. ప్రార్థన గంటప్రకారము చేయవలసివచ్చుట, జీతమునకై యాదివారమాదివారము భక్తిని బుట్టింపవలసివచ్చుట, భార్యావియోగము, ఇవియన్నియు గలిసి యాయన నా స్థలమునుండి త్రోయుచుండెను. గదిలో గాలి చాలనివానికి ఏ తలుపు దొరికిన నా తలుపే. ఈ సంస్కారము తలుపై దొరికినది. దీనినిబట్టి యాయన నిష్కాపట్యమునకు గొఱత లేదు. కాని నష్టము లేకపోలేదు. ఆయన నెరిగి, ఆయన బోధవలన నెమ్మది పొందిన సామాన్యజనులు, తరువాత లోకమంతయు జదివిన వ్యాసములను జదివి గ్రహింపగలవారు గారు. వారి కాచార్యుడు పోయెను, అంతియే.

1832 డిసెంబరు 25వ తేదీని, క్రిస్తుజన్మోత్సవదినమునందే, జాస్పరు అను చిన్న వర్తకపుటోడలో మధ్యధరాసముద్రమునకు బయలుదేరెను. ఉద్యోగము లేదు, ఇల్లు లేదు, ఆరోగ్యము లేదు. మాల్టా, ఇటలీ, పారిసు నగరములను జూచి, ఇంగ్లండునందు కోలరిడ్జిని, వర్డ్సువర్తును దర్శించి, స్కాట్లండున నేకాంతప్రదేశమున నివసించుచున్న కార్లైలుతో జీవితాంతము నిలిచిన స్నేహమును సంపాదించుకొని, 1833 అక్టోబరులో స్వదేశమునకు మరలెను. ఆ వేసవిని రామమోహనరాయల వారును నింగ్లండునందే యుండిరి. ఎమర్సను ఓడ యెక్కిన నెలలోనే, సెప్టెంబరు 27వ తేదీని, బ్రిస్టలులో బరమపదించిరి. అప్పటికి బండ్రెండేండ్ల క్రిందట విలియము ఆడము అను బాప్తిస్టు పాదరి, రాయల వారితో గలిసి సువార్తలను వంగభాషలోనికి దెచ్చుచు, ఏకేశ్వరవాదమే నిజమని తోచి, తన ప్రచారకసంఘమునుండి విడిపోయెను. అతనిని రెండవసారి పతితుడైన ఆదామని యెగతాళిచేసిరి. ఒకడు కలకత్తాలో, ఒకడు బోస్టనులో. ఆడమును విడిచిన సంఘము కోపముతో విడిచినది, ఎమర్సనును విడిచిన సంఘము దుఃఖముతో విడిచినది.

తిరిగివచ్చిన ఎమర్సను 1833 నవంబరునుండి సభామందిరములలో రుసుము గైకొని లౌకికోపన్యాసము లీయసాగెను. వేదిక పోయినను నోరు పోలేదు. ఆచార్యులు లేని సంఘములలో నాదివారములందు బోధించుటయు వెంటనే మానలేదు. 1839 జనవరివరకు నప్పుడప్పుడు బోధించుచునే యుండెను. న్యూబెడ్‌ఫర్డు సంఘమువారు తమకు శాశ్వతాచార్యుడుగా రమ్మని పిలిచిరి. ప్రభుభోజనమును జరుపననియు, మనస్సు ప్రేరేపించినప్పుడుగాని బహిరంగప్రార్థన చేయననియు నియమములు పెట్టగా, వారు వలదనిరి. ఇక ధనవిషయము దాచనక్కరలేదు. ఎలెన్ యాస్తిలో భాగము ఆయనకు 1834లో గొంతయు, 1837లో గొంతయు జేరి, సాలునకు సుమారు 1200 డాలర్ల రాబడి నిచ్చినది. ఆ యాధారము లేనిచో నాయన యంత స్వేచ్ఛగా వ్రాయగలిగెడివాడా యని యడుగువారికి, బహుశః గలిగెడివాడు గాడనియే మా యుత్తరము. కాని 1832లో రాజీనామా వ్రాయునప్పటికి నా సొమ్ము చేతికి రాలేదు.

1835లో లిడియా జాక్సను అను నామెను బునర్వివాహమాడి కాంకార్డున స్థిరపడెను. మరుసటియేట ప్రకృతి యను చిన్నగ్రంథమును బ్రకటించెను. 1838 జూలై 15వ తేదీని హార్వర్డు మతశాస్త్రపాఠశాలలో జదువుముగించి పాదరులు గాబోవు కొలదిమంది విద్యార్థులు తమకు హితోపదేశము చేయుమని యాయననే పిలిచిరి. ఆరేండ్లక్రింద రొట్టెను గూర్చి మాత్రమే సౌమ్యముగా బలికిన యాయన, ఈసారి మతమునంతటిని గూర్చి పలికెను. దైవప్రేరణ యేనాడో ముగిసినదన్నట్లు బోధకులు ప్రవర్తించుచున్నారనియు, యేసు వ్యక్తిత్వమును బెంచి యాయన తత్త్వమును మరచుచున్నారనియు, స్వానుభవములేని యుపన్యాసము చచ్చిన యుపన్యాసమనియు జెప్పెను. ఆండ్రూసు నార్టను అను పండితుడు పత్రికలలో దీవ్రముగా ఖండించెను. రెండవ సంఘమున నాయనకు బూర్వాచార్యుడైన వేరు గారు కోపపడలేదు. దైవమునకు వ్యక్తిత్వము గలదని బ్రత్యేకముగా నుపన్యసించి, దానిని జాబుతో గూడ బంపిరి. ఎమర్సను వాదింపలేదు. తనకు దోచినది చెప్పుటయేగాని, దానిని వాదముచే నిలబెట్టుట తనకు దెలియదని వినయముగా బ్రత్యుత్తరమిచ్చెను. హార్వర్డువారు సుమారు ముప్పదియేండ్లు మరల నాయనను బిలువలేదు. 1866లో గౌరవపట్ట మిచ్చిరి.

ఆ సభలో గూర్చుండి వినినవారిలో థియొడోరు పార్కరు అను యువపాదరి యొకడు. ఆయన గ్రంథములను మన సమాజమువారు మిక్కిలి యాదరముతో జదివిరి. పార్కరునకును 1841లో నిట్టి వివాదమే సంభవించెను. తోడి పాదరులు తమ వేదికల నాయన కీయక మానిరి. తమ మండలినుండి తానై తొలగవలసినదని కోరిరి. పార్కరు తొలగలేదు. కావలసిన మీరే వెలివేయుడని నిలిచి, బోస్టనులో వేలకొలది జనులకు బోధించి, శ్రమచే క్షీణించి, 1860లో ఫ్లారెన్సు నగరమున నేబదియేండ్లు నిండకయే మరణించెను. వీరిరువురిలో నెవరు ధన్యులని మమ్మడుగరాదు. ఒకడు నిలువక తప్పనివాడు, ఒకడు వెడలక తప్పనివాడు.

ఎమర్సను తరువాతి చరిత్రము లోకవిదితము. 1842లో నైదేండ్ల కుమారుడు మరణించెను. ఆ దుఃఖము దీరనిది. 1845లో భగవద్గీతను జదివి ముగ్ధుడై, 1857లో బ్రహ్మమను పేర నొక చిన్నకావ్యమును బ్రకటించగా, ఆ దేశపు పాఠకు లర్థముగాక నవ్విరి. పారిపోయిన బానిసలను బట్టియిచ్చు చట్టము 1850లో బుట్టినప్పుడు, వాదములకు దూరముగా నుండు నాయన, బహిరంగసభలలో నిలిచి దానిని దూషించెను. వార్ధకమున జ్ఞాపకశక్తి క్రమముగా నశించెను. 1882 మార్చిలో మిత్రుడగు లాంగుఫెలో కవి యంత్యక్రియలకు బోయి, శవముఖమును రెండుసారులు చూచి, మంచివాడని చెప్పెనేగాని పేరు జ్ఞాపకమునకు రాలేదు. నెలదాటగానే, ఏప్రిలు 27వ తేదీని, తానును గన్నుమూసెను.

ఏప్రిలు 30వ తేదీని, ఇంట జరిగిన ప్రార్థనను బాల్యస్నేహితుడగు ఫర్నెసు అను వృద్ధపాదరి నడపెను. పిమ్మట దేహమును గ్రామదేవాలయమునకు గొనిపోయిరి. పితామహుడు బోధించిన సంఘపు టాలయమది. అచట మాటలాడినవారిలో జేమ్సు ఫ్రీమను క్లార్కు అను నాచార్యు డొకడు. అక్కడినుండి, 1855లో దాను స్వయముగా బ్రారంభోపన్యాస మిచ్చిన స్లీపీ హాలో శ్మశానవాటికకు గొనిపోయి, పైనుచెట్లనీడను బాతిపెట్టిరి. ఆ స్థలమునందు బెద్ద పలుగురాతిబండ నిలుపబడియున్నది.